విరామం లేని పదేళ్లు

మార్చి 29, శుక్రవారం. ఉతికినవి నాలుగు దుప్పట్లు, ఎండబెట్టినవి రెండు కిలోల ఒమెనా చేపలు, ఇంట్లో కూర్చున్న భర్త ఒకరు.

మందుల షాపుల కంపెనీవాళ్లు మా ఆయన ఒబురాను మూడు నెలలకోసారి ఒక్కరోజు ఉద్యోగంలోంచి తీసేస్తారు. మర్నాడు కొత్తవాడిగా చేర్చుకుంటారు. కొత్తవాళ్లకు సెలవు జీతం, ఆసుపత్రి ఖర్చు, ప్రమోషన్ ఉండవు. అలా పదేళ్లు గడిచాయి. ఇవాళ ఆ తీసేసే రోజు.

నిన్న కంపెనీ సభలో ఆయనకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు.

"జీతం పెంచమంటే కాగితం చేతిలో పెట్టారు. పొయ్యిలో వెయ్యి, అకెలో వాళ్లమ్మా," అన్నారాయన, ఎప్పటిలా మా అమ్మాయి పేరుతో నన్ను పిలుస్తూ.

"వేస్తాను. ముందు చదవనివ్వండి."

'ఒక్కరోజు కూడా విరామం లేకుండా పదేళ్లు సేవ చేసినందుకు' అని ఉంది. కింద డైరెక్టరు సంతకం, కంపెనీ ముద్ర.

పొయ్యి ఆర్పి, కిసుములోని కార్మికశాఖ ఆఫీసుకు బయల్దేరాను. అక్కడి అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇది నిజంగా వాళ్లే ఇచ్చారామ్మా?"

"ఇచ్చి, చప్పట్లు కూడా కొట్టారండి."

ఆ అధికారి అప్పుడే కంపెనీకి నోటీసు పంపాడు.

జూన్ 14. ఒబురా ఉద్యోగం పర్మనెంటయింది. పదేళ్ల సెలవు జీతమూ అందింది. సాయంత్రం హెడ్డాఫీసు గుమాస్తా అవీనో రెండు కిలోల చక్కెరతో మా ఇంటికి వచ్చింది.

"ఆ ప్రశంసాపత్రంలో అంత పొరపాటు ఎలా చేశారమ్మా మీవాళ్లు?" అని అడిగాను.

"పొరపాటేంటి వదినా? అది టైపు చేసింది నేనే. మా డైరెక్టరు ఏనాడు చదివి సంతకం పెట్టాడు గనక? చేరిన కొత్తలో నాకు పని నేర్పింది అన్నయ్యే."

చక్కెర పుచ్చుకుని టీ పెట్టాను. ఆమె వెళ్లాక పద్దు పుస్తకంలో రాశాను: అవీనో బాకీ చెల్లు.