కొండయ్య అలియాస్ బర్నబాస్

"ఆ కాయితం నా దగ్గరెందుకుంటుందయ్యా?" అన్నాడు డాక్టర్ పూర్ణచంద్రరావు, తల ఎత్తకుండా.

"కార్బన్ పెట్టి రాశారంటండి. రూతు చెప్పింది."

రూతు పేరు వినగానే డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. బాపట్లలో ఆయన ఆసుపత్రిలో జనం పలచబడే మధ్యాహ్నం వేళ అది. బల్లకు అవతల నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. తెల్ల చొక్కాకు నల్లదారంతో గుండీలు కుట్టుకున్నాడు. మందూ మాకూ అడగలేదు. మూడేళ్ళ కిందట, 1988లో, రేపల్లె లారీ డ్రైవరు బర్నబాస్‌కు రాసిచ్చిన మెడికల్ సర్టిఫికెట్ నకలు కావాలన్నాడు.

"రూతు అంటే బర్నబాస్ భార్యేగా? ఆమెకి నువ్వేమవుతావు?"

"అన్నయ్యా అంటుందండి."

"కూర్చో."

అతను కూర్చోలేదు.

"బర్నబాస్ పోయి ఏడాదైంది. ఇప్పుడెందుకది?"

"పింఛను కోసమండి. మిలిటరీలో అతని పేరు కొండయ్య. బడిలో వేసిన పేరు. పెళ్ళేమో చర్చిలో, బర్నబాస్ అని జరిగింది. వాళ్ళ పేటలో అందరికీ రెండేసి పేర్లేనండి. కొండయ్య పింఛను బర్నబాస్ పెళ్ళానికి ఎట్టా ఇస్తామంటున్నారు మిలిటరీ ఆఫీసోళ్ళు. రెండు పేర్లూ ఒకచోట రాసిన కాయితం మీదొక్కటే."

"ఇద్దరూ ఒకడేనని లెటర్‌హెడ్ మీద రాసిస్తాను. పట్టుకెళ్ళు."

"మనిషి బతికుండగా రాసిందే కావాలంటండి. అతని దగ్గరున్నది లారీతోపాటు కాలవలో పోయింది."

డాక్టరు లేచి గది తలుపు మూసి వచ్చాడు.

ఆయనకు అంతా గుర్తుంది. లారీ లైసెన్సుకు సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని తెనాలిలో ఇద్దరు డాక్టర్లు అన్నాకనే బర్నబాస్ బాపట్ల బస్సెక్కాడు. వయసుకు రుజువేదంటే మిలిటరీ డిశ్చార్జి బుక్ తీసి చూపించాడు. పుట్టిన తేదీ ఉన్న పేజీలోనే, మూర్ఛ కారణంగా సైన్యం నుంచి పంపేసినట్టు రాసి ఉంది. డాక్టరు ఆ లైను చదివాడు. "మాత్రలు వేసుకుంటున్నావా?" అని మాత్రం అడిగాడు. ఫారంలో మూర్ఛ రోగం ఉందా అన్నచోట లేదని రాసి, లారీ తోలడానికి తగినవాడని సంతకం పెట్టి, మామూలు ఫీజుకు నాలుగింతలు పుచ్చుకున్నాడు. ఎవరూ తిరగేసి చూడరన్న ధీమాలో వయసు రుజువు కింద డిశ్చార్జి బుక్ నంబరు కూడా వేశాడు. ఆ నంబరు ఉన్నంతకాలం, బుక్ తాను చూడలేదనడానికి లేదు.

కిందటేడు వేమూరు దగ్గర చెరుకు లోడుతో పోతూ బర్నబాస్ స్టీరింగు మీద పడి గిలగిల కొట్టుకున్నాడు. లారీ రోడ్డు దిగి, బస్సు కోసం నిలబడ్డ ఒకామెను తొక్కి కాలవలో పడింది. ఇద్దరూ పోయారు.

"ఆ డిశ్చార్జి బుక్ ఎక్కడుంది?"

"రూతు పెట్టెలో ఉందండి."

"ఎవరెవరు చూశారు?"

"నేనూ, రూతూ. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు."

"ఆ పోయినావిడ తాలూకు వాళ్ళు?"

"మొగుడొక్కడేనండి. పిల్లల్లేరు."

"కేసనీ గీసనీ తిరుగుతున్నాడా?"

"మొదట్లో తిరిగాడు. డ్రైవరే పోయాక ఎవరి మీద పెడతావయ్యా కేసు అని పంపేశారు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"ఒక్కడూ వండుకు తింటున్నాడండి. పల్లెటూరి బళ్ళో అయిదు చదివినోడు, ఇంకేం చేస్తాడు."

"పాపం" అన్నాడు డాక్టరు. కుర్చీలో వెనక్కి వాలాడు. "ఒకవేళ ఇవ్వనన్నాననుకో?"

"రూతు కలెక్టరుగారికి అర్జీ పెట్టుకుంటానంటోందండి. అప్పుడు వాళ్ళ మనుషులే వచ్చి మీ పుస్తకాలు చూసుకుంటారంట."

డాక్టరు ఆలోచించాడు. వచ్చేవాళ్ళకు ఇంగ్లీషు వచ్చు. వాళ్ళు తన నకళ్ళ పుస్తకమూ తిప్పుతారు, రూతు పెట్టెలోదీ తిప్పుతారు. అంతకంటే ఈ అమాయకుడి చేతిలో పెట్టి పంపడం మేలు. ఎక్కడో బెంగుళూరు మిలిటరీ ఆఫీసులో ఓ ఫైలులో పడి ఉంటుంది.

బీరువా తెరిచి పాత పుస్తకం తీశాడు. కార్బన్ కాపీ చూస్తూ తెల్లకాగితం మీద నకలు రాశాడు. పేర్లు, వయసు, చూపు, వినికిడి, మూర్ఛ. రాయడం అయ్యాక ముద్ర కోసం చెయ్యి చాచాడు.

అతను కార్బన్ కాపీ మీదా, కాగితం మీదా వేలు పెట్టి పోల్చుకుంటున్నాడు.

"నంబరు వదిలేశారండి."

"ఇంగ్లీషు రాదన్నావు?"

"అంకెలు వచ్చండి."

"పింఛనుకి అది అక్కర్లేదులే."

"మిలిటరీలో బోలెడుమంది కొండయ్యలుంటారు సార్. ఈ కొండయ్యే ఆ కొండయ్యని తెలిసేది నంబరుతోనే కదండి."

డాక్టరు అతని ముఖంలోకి చూశాడు. అక్కడ తొందర లేదు, బతిమాలడం లేదు. కట్టెలా నిలబడి ఉన్నాడు. డాక్టరు నంబరు వేసి, కింద 'ట్రూ కాపీ' అని రాసి, సంతకం పెట్టి ముద్ర గుద్దాడు.

సిరా ఆరేదాకా అతను కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆరాక నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"తిన్నగా రూతు చేతికే ఇవ్వు. మధ్యలో ఎవరికీ చూపించకు."

"రూతుకి జెరాక్స్ తీయించి ఇస్తానండి. మాటిచ్చాను."

"జెరాక్సేంటి? మరి ఇదెవరికి?"

అతను తలుపు తీశాడు. బయట బల్ల మీద కూర్చున్న రోగులు ఇటు చూశారు. డాక్టరు గొంతు తగ్గించాడు.

"నువ్వు రూతుకి సొంత అన్నవేనా?"

"కాదండి."

"మరెవరు నువ్వు?"

"ఆ లారీ కింద పోయింది మా ఆవిడండి."