ఫారిన్ టైర్లు

కొబ్బరినూనె సీసా తేలిగ్గా తగిలింది. కల్పలత మూత తీసి చూసింది. అడుగున రెండు చుక్కలు. సీసా చుట్టూ నల్లటి వేలిముద్రలు.

“మొన్ననే కొన్న సీసా. నూనె ఏమైందండీ?”

వేణుమాధవ్ గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే జవాబిచ్చాడు. “టైర్లకు రాసిన.”

“తలకు రాసుకునే నూనెనా?”

“ఏందే, జెరంత నూనెకు పొద్దుగాల్నే పంచాయితీ? ఇంకోటి తెస్తలే.”

“జెరంత కాదు. సీసాడు.”

“ఒకసారి పోయి చూడు, ఎట్ల మెరుస్తున్నయో!”

వెళ్లి చూసింది. బన్సీలాల్‌పేట్‌లోని ఆ మూడు గదుల ఇంటికి బట్టలారేసుకోడానికి ఉన్నది ఒక్క బాల్కనీ. దాని నిండా నాలుగు టైర్లు. వెడల్పుగా, నున్నగా, నూనె ఓడుతూ. రబ్బరు కంపులో కొబ్బరి వాసన కలిసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

రేసు కారు టైర్లు అవి. వేణుమాధవ్, ఆఫీసులో అతని స్నేహితులిద్దరూ కలిసి కొన్న కారు బోయిన్‌పల్లిలో ఒక షెడ్డులో ఉంది. ఆ కారుకు పైకప్పు ఉండదు. ఒక్కటే సీటు. నాలుగు చక్రాలూ ఒంటికి దూరంగా బయటికి పొడుచుకుని ఉంటాయి. వచ్చే ఆదివారం చెన్నై దగ్గర రేసు. సరదాగా పాల్గొనేవాళ్ల రేసే, గెలిస్తే ఓ కప్పు ఇస్తారు. కాని కారు వేగానికి సరదా తెలియదు. పోయినసారి మూడో మలుపులో చక్రాలు జారి, గిర్రున తిరిగి గోడను గుద్దింది. నెల్లాళ్లపాటు ఇంట్లో నొప్పుల తైలం వాసనే. మంచి టైర్లు కొంటే తప్ప మళ్లీ రేసు లేదని అప్పుడే అనుకున్నారు.

కొన్నవి ఇవి.

బెండకాయ కొస విరిచి చూడకుండా ఆమె తక్కెట్లో వేయనివ్వదు. అలాగే వంగి, టైరు మీద బొటనవేలి గోరు గుచ్చింది. దిగలేదు. ఎడమచేత్తో టైరు తిప్పబోయింది. మణికట్టు కలుక్కుమంది. కుడిచెయ్యి వేసి తిప్పింది. పక్కన అచ్చుపోసిన నాలుగు అంకెలు కనిపించాయి. 1100.

“ఇదేంటి?”

“మాడల్ నంబర్.” అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

“కాదు. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. రెండువేల సంవత్సరం, పదకొండో వారం. ఇప్పుడు రెండువేల ఆరు. ఆరేండ్ల కిందటి టైర్లు. రాయైపోయినయి.”

మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసిన తండ్రి దగ్గర నేర్చుకున్న సంగతి అది.

“ఫారిన్ మాల్‌కు వయసు చూడరే. ఇటలీ నుంచి వచ్చినయట. రెజిమెంటల్ బజార్ల వాడు కసం తిని చెప్పిండు.”

“అదే దుకాణంల మన దేశం టైర్లు, ఈ సంవత్సరానివి ఉన్నయి గద. నిన్న గోరు గుచ్చి చూసిన. దిగింది.”

“అవి ఆటో టైర్ల లెక్కున్నయి! మా ఆఫీసోళ్లు యాభైమంది కెమెరాలు పట్టుకొని వస్తున్నరు. కారుకు కంపెనీ స్టిక్కర్ సుత వేస్తున్నం. గంతమందిల ఇజ్జత్ తీసుకోవాల్నా?”

“నూనె రాసిన టైరు మలుపుల నేలను పట్టుకుంటదా?”

“పక్కలకే రాసిన.”

ఆమె టైరు మీద, నేలకు ఆనే చోట వేలితో గీసి, ఆ వేలు అతని మొహం ముందు పెట్టింది. జిడ్డుతో నల్లగా మెరుస్తోంది.

“తుడుస్తలే” అన్నాడు. అని, తీగ మీద ఆరుతున్న దిండు గలీబు లాగి దాంతోనే తుడవడం మొదలుపెట్టాడు.

ఇంతలో అత్తగారు బుచ్చమ్మ లోపలినుంచి వచ్చింది. “నా పండ్ల బ్రష్ ఏడ వెట్టిన్రే?”

బ్రష్షు టైరు నడుమ పడి ఉంది. దాని కుచ్చు నిండా తెల్లరంగు. టైరు మీది ఇంగ్లీషు అక్షరాలకు రంగేసింది దాంతోనే.

“థూ! నోట్లె పెట్టుకునేదిరా అది!”

“అక్షరాలు దూరంకెళ్లి సుత కనబడాలె గదనే అమ్మా.”

కల్పలత గొంతు తగ్గించి అడిగింది. “వాపసిచ్చి వేరేవి తెద్దామండీ. ఈ రబ్బరు జారితే?”

“ఏం గాదు. రెండు రౌండ్లు మెల్లగ కొడితే వేడెక్కి అవే పట్టుకుంటయి. మొత్తం పదిహేను రౌండ్లే గద.”

“ఏమన్న అయితే?”

“భయపడేటోళ్లకు రేసులెందుకే?”

ఆమె లోపలికి వెళ్లింది. చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడుక్కుంది.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. వేణుమాధవ్ గోళ్ల సందుల్లో నల్లటి జిడ్డు అలాగే ఉంది. ఆ వేళ్లతోనే గోంగూర పప్పు కలుపుతున్నాడు. అతని సెల్ మోగింది. ఎడమచేత్తో ఎత్తాడు.

“ఇటలీ టైర్లు భాయ్! ఫొటోలల్ల చూస్తే మతిపోవాలె, అంతే!” పకపకా నవ్వాడు. నోట్లోంచి మెతుకు ఎగిరి పచ్చడి గిన్నెలో పడింది.

కల్పలత గిన్నెను దూరం జరిపింది.

“నాకైతే గా మూడో మలుపు యాదికొస్తెనే గుండె దడదడ కొట్టుకుంటది” అంది బుచ్చమ్మ. “జెర మంచి టైర్లు ఎయ్యరాదా, కొడకా.”

“నువ్వు పరేషాన్ గాకే. బంగారం అసొంటి టైర్లు. కండ్లు మూసుకొని నడపొచ్చు.”

కల్పలత అతని కంచంలో పెరుగు వేసింది. “అంత నమ్మకమా మీకు?”

“వందకు వంద.”

“అయితే డ్రైవర్ల లిస్టుల నా పేరు కొట్టేపిచ్చి, ఆదివారం ఆ టైర్ల మీద కారు మీరే నడపండి” అంది.