పద్నాలుగు వేలమంది దేవుళ్ళు

తొంభై ఒకటో పద్యం సగంలో ఉండగా ట్యాబ్ ఆగిపోయింది. తెర మీద ‘స్టోరేజ్ నిండింది’ అని వచ్చింది.

సత్యలక్ష్మి చదవడం ఆపి ట్యాబ్ మీదికి వంగింది. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి మీద తాను రాసిన నూట ఎనిమిది పద్యాలను కాగితం చూడకుండా, మధ్యలో ఆగకుండా చదివి, ఆ వీడియోను సాయంత్రం ఐదింటిలోగా పోటీకి పంపాలి. ఈరోజే ఆఖరు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి పద్యాలు రాసిందంటే రాజమండ్రిలో వాళ్ళ వీధి వీధంతా నవ్వింది. నవ్వనివాడు భర్త గున్నేశ్వరరావు ఒక్కడే. తన కిరాణా కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ పప్పు పొట్లంతోపాటు ఆ కబురు కూడా కట్టి ఇస్తున్నాడు.

“ఇటివ్వమ్మా,” అని కూతురు హర్షిత ట్యాబ్ అందుకుంది. “ముందు క్యాష్ క్లియర్ చేస్తాను.”

“అంటే ఏంటే?”

“ఎప్పుడైనా పనికొస్తుందని యాప్‌లు దాచుకున్న పాత సామాను. పోయినా నష్టం లేదు.”

“మన అటక లాగా అన్నమాట. తీసెయ్, తీసెయ్.”

తీస్తే, ఇంకో పదిహేను పద్యాలకు మించి చోటు రాలేదు. హర్షిత ఫొటోలు తెరిచింది. నాలుగేళ్ళుగా చుట్టాలూ స్నేహితులూ రోజూ తెల్లారేసరికల్లా పంపిన శుభోదయాలు. వినాయకుడు, వెంకన్న, శివుడు, దుర్గమ్మ. లెక్క పద్నాలుగు వేలు దాటింది.

“దొరికింది దొంగ! ఇవన్నీ డిలీట్...”

“చెయ్యి తియ్యి!” సత్యలక్ష్మి కేక పెట్టింది. “వాళ్ళు దేవుళ్ళే!”

“అమ్మా, అవి ఫొటోలు.”

“పూజగదిలో ఉన్నవీ ఫొటోలే. అవీ తీసి పారేస్తావా? సరే, డిలీట్ చేస్తే ఎక్కడికెళ్తాయి?”

హర్షిత నసిగింది. “చెత్తబుట్టలోకి. నెల రోజులుండి పోతాయి.”

“నెల రోజులు వెంకన్నబాబుని చెత్తబుట్టలో కూర్చోబెట్టి, నేనిక్కడ దేవుడి మీద పద్యాలు చదవాలా? ఇంకో దాంట్లో చదువుతాను.”

“పేరు నమోదు చేసిన ట్యాబ్‌లోనే పోటీ యాప్ తెరుచుకుంటుందమ్మా. ఇందులోనే చదవాలి.”

గడియారం రెండు కొట్టింది. సత్యలక్ష్మి పూజగదికేసి చూసింది. ఇన్ని వేలమందిని తెచ్చి గుమ్మంలో దింపిపోయేవాళ్ళు, తర్వాత ఎక్కడ ఉంచాలో ఎందుకు చెప్పరు?

“పటం చిరిగితే మనం ఏం చేస్తామే?” అంది ఉన్నట్టుండి.

“గోదాట్లో కలుపుతాం.”

“మరింకా కూర్చున్నావేం? ఆటో పిలు.”

కోటిలింగాల రేవులో జనం పలచగా ఉన్నారు. సత్యలక్ష్మి ఆఖరి మెట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టి, ట్యాబ్‌ను రెండు చేతులతో నది మీదికి చాచింది. పై మెట్టు మీద తర్పణాలు చేయించి సేద తీరుతున్న పంతులుగారు ఉలిక్కిపడి లేచారు.

“అమ్మా, అమ్మా! అలాంటివి గోదాట్లో వెయ్యకూడదండీ!”

“వేసేది ట్యాబ్ కాదండి. లోపలున్న దేవుళ్ళని.”

సంగతంతా విని ఆయన కనుబొమలు ముడిచారు. “ఇలా చెయ్యమని ఏ శాస్త్రంలో ఉందమ్మా?”

ఇంక అయిపోయింది, అమ్మ వెనక్కి తిరిగేస్తుంది అనుకుంది హర్షిత.

“శాస్త్రం నాకు తెలీదండి,” అంది సత్యలక్ష్మి. “పటం పాతబడితే ఈ తల్లికే అప్పగిస్తున్నాం. చెత్తబుట్ట కంటే అమ్మ ఒడి మేలు కదండి?”

ఆయన పోయి తన మెట్టు మీద కూర్చున్నారు.

సత్యలక్ష్మి మూడుసార్లు నీళ్ళు చిలకరించింది. “తల్లీ, మా ఇంటికొచ్చిన వాళ్ళని నీకప్పగిస్తున్నాను. చల్లగా చూసుకో,” అని వేలితో నొక్కింది. ఆ వెంటనే హర్షిత చేత చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించింది. మూడు జీబీ చోటు వచ్చింది.

ఇంటికి వెళ్ళే వ్యవధి లేదు. కొంగు బిగించి అక్కడే మొదలుపెట్టింది. ఇరవయ్యో పద్యానికి బట్టలు ఉతికే చప్పుడు ఆగింది. యాభయ్యో పద్యానికి పడవవాళ్ళు ఇంజను ఆపారు. తొంభై ఒకటి దాటింది. నూరు దాటింది. నూట ఎనిమిదో పద్యం చివరి మాట గోదావరి గాలిలో కలిసేసరికి మెట్లన్నీ నిండి ఉన్నాయి.

“ఎవరివండీ ఈ పద్యాలు?” అని ఎవరో అడిగారు.

“మా అమ్మవి!” అంది హర్షిత, అవసరానికి మించిన గొంతుతో. వీడియో పంపింది. నాలుగూ పదికి ‘అందింది’ అని వచ్చింది.

అప్పుడు లేచారు పంతులుగారు. మెట్టు మెట్టూ దిగి వస్తుంటే సత్యలక్ష్మి కొంగు సర్దుకుంది. పద్యాలు మొదటినుంచీ విన్నారాయన. యతి ఎక్కడైనా తప్పిందా? ఇందాక చేసింది అపచారమని పదిమందిలో అంటారా?

“తప్పేమైనా ఉంటే చెప్పండి బాబుగారూ,” అంది చేతులు జోడించి.

“పద్యాల్లో తప్పు పట్టేంతవాణ్ణి కాదమ్మా,” అని ఆయన ఆమెకంటే ఒక మెట్టు కిందికి దిగి, నీళ్ళలో నిలబడి, బొడ్డులోంచి ఫోన్ తీసి దోసిట్లో పెట్టుకున్నారు. “ఇందులో పద్దెనిమిది వేలమంది ఉన్నారు. సంకల్పం మీరు చెప్పించండి.”