బంకు దగ్గర రెండు నిమిషాలు

పెట్రోల్ బంకు కనిపించగానే రోజూలాగే బెల్లు మోగింది.

కొట్టింది ముందు సీటు పెద్దాయన. డ్రైవర్ కాళ్లు కనిపించే చోట, గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.

"అర్జంటు బాబూ. రెండు నిమిషాలు ఆపు."

డ్రైవర్ విసుక్కున్నాడు. "ఇంటి దగ్గరే చూసుకుని ఎక్కొచ్చుగా?"

లోపల మాత్రం ప్రాణం లేచొచ్చింది. సొంత పనికి ఇంకోసారి బస్సు ఆపితే డ్యూటీ నుంచి తీసేస్తామని డిపోలో చెప్పారు. ఒంట్లో బాగోలేదని ప్రయాణికుడు అడిగితే ఆపొచ్చు. కండక్టర్ ఆ మాట షీటులో రాస్తాడు.

డ్రైవర్ తన వైపు తలుపు తీసుకుని బంకు వెనక్కి పరుగెత్తాడు. అతనికి ప్రొస్టేట్ గ్రంథి పెరిగిపోయి మూత్రం ఒక పట్టాన తెమలదు. తిరిగొచ్చేసరికి పెద్దాయన ఎప్పటిలాగే సీట్లో ఉన్నాడు. ఇంత త్వరగా కానిచ్చే మనిషికి దారిలో ఈ గోలేమిటని డ్రైవర్‌కు ఒళ్లు మండింది.

"రేపటి నుంచి వేరే బస్సు చూసుకో పెద్దాయనా," అన్నాడు అందరి ముందూ.

పెద్దాయన ఒళ్లో గొడుగు సర్దుకున్నాడు. మర్నాడూ అదే బస్సెక్కాడు. అక్కడే బెల్లు కొట్టాడు.

ఆ నెలలోనే డ్రైవర్ ఆస్పత్రికి వెళ్లాడు. కోత అక్కర్లేదన్నారు. ఎడమ మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గ్రంథికి రక్తం అందించే నాళాలను ఇసుక రేణువులంత పూసలతో మూసేశారు. రక్తం తగ్గి గ్రంథి మెల్లగా చిన్నదవుతుందని చెప్పి సాయంత్రానికి ఇంటికి పంపారు.

"జబ్బు ఒకచోటయితే కట్టు ఇంకోచోటా?" అని భార్య నవ్వింది.

డిపోలో చెయ్యి బెణికిందని చెప్పుకున్నాడు. వారానికి మళ్లీ బస్సెక్కాడు. గుణం కనిపించడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ బెల్లు మోగుతూనే ఉంది.

ఒక రోజు బంకు దాటాక గాని డ్రైవర్‌కు ఆ సంగతి గుర్తు రాలేదు. పెద్దాయన ముందు సీట్లోనే ఉన్నా బెల్లూ మోగలేదు.

పెద్దాయన కోసం డాక్టరు చిరునామా కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దామంటే నాలుగు రోజులుగా ఆయన జాడ లేదు.

"ఇల్లు మారాడన్నా. ఇక ఈ దారిన రాడు," అన్నాడు కండక్టర్.

"అయ్యో, ఆయన జబ్బుకు మంచి వైద్యం ఉందని చెబుదామనుకున్నా."

కండక్టర్ టికెట్ల సంచి సర్దుకున్నాడు.

"ఆయనకేం జబ్బన్నా? ఒక్క రోజు కూడా బస్సు దిగలేదు. నువ్వొచ్చేదాకా మెట్టు మీద నిలబడి, సణిగినవాళ్లందరికీ 'నా వల్లేనమ్మా, నా వల్లే' అని చెప్పేవాడు."