ఇరవై మూడో అర్థం

నాలుగింటికి 'ద' సంపుటం అచ్చుకు వెళ్లిపోతుంది. మూడూ పది అయింది. ఇరవై మూడో అర్థానికి ఇంకా సాక్ష్యం దొరకలేదు.

నిఘంటువు ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరూ "దాటుగారు" అనే పిలుస్తారు. తొమ్మిదేళ్లుగా ఒకే మాట పట్టుకుని వేలాడుతున్న మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆయనతో పాటు సంకలనకర్తలుగా చేరినవాళ్లు దానిమ్మ, దారం, దాహం ముగించి హాయిగా రిటైరయ్యారు. ఆయన మాత్రం 'దాటు' దగ్గరే ఉండిపోయాడు.

ఆ మాటంటే ఆయనకి వల్లమాలిన ప్రేమ. ఎవరైనా పొరపాటున "టైమ్ దాటిపోయింది సార్" అన్నారా, అయిపోయినట్టే. కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

"మొదట్లో ఈ మాటకి అర్థం గెంతడమండీ. పక్క భాషల్లో తాండు, దాంటు చూడండి. అంత దూరం ఎందుకు, మన కప్పదాటు చూడండి. కప్ప గెంతుతుందా, నడిచి వెళ్తుందా?"

అక్కణ్నుంచి ఏరు దాటడం, గీత దాటడం, పెద్దల మాట దాటడం, గండం దాటడం, అడిగినదానికి జవాబు దాటేయడం. నలభై దాటడం దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్ల కాఫీ చల్లారిపోయేది. ఇంట్లో భార్యకి ఇరవై రెండు అర్థాలూ వరసగా కంఠతా వచ్చునని, అదంతా అన్నం వడ్డిస్తూనే నేర్చేసుకుందని ఆయనే గర్వంగా చెప్పుకునేవాడు. ఆవిడ ఓపికకి ఆఫీసంతా మనసులో దణ్ణం పెట్టుకునేది.

గొడవంతా ఇరవై మూడోదాని గురించే. దేన్ని దాటారో చెప్పకుండా ఉత్తినే "దాటింది" అంటే, మళ్లీ తిరిగి రాకుండా వెళ్లిపోయిందని అర్థం. ఇదీ ఆయన వాదన. వాళ్ల బామ్మ అలాగే అనేదట.

"బామ్మ అంటే సరిపోదండీ," అనేది ప్రధాన సంపాదకురాలు. ఆఫీసుకంతటికీ ఆవిడే మేడమ్. "చెవి సాక్ష్యం మనకు చెల్లదు. రాసి ఉండాలి. రాసింది మీరు కాకూడదు. ఎప్పుడు రాశారో తెలియాలి. అర్థంలో అనుమానం ఉండకూడదు."

ఆ నాలుగు నిబంధనలూ ఆయన ప్రాణం తోడేశాయి. పాత ఉత్తరాలు, కోర్టు కాగితాలు, ఎవరెవరివో డైరీలు, ఆఖరికి చాకలి పద్దులు కూడా గాలించాడు. మళ్లీ ముద్రణ అంటే ఇరవై ఏళ్ల మాట. అప్పటికి ఆయనా ఉండడు, బామ్మ మాట గుర్తున్నవాళ్లూ ఉండరు.

ఈ నెలలో అయితే మనిషి మరీ పాడైపోయాడు. గడ్డం మాసింది. చొక్కాకి ఇస్త్రీ లేదు, ఒక గుండీ కూడా లేదు. మధ్యాహ్నం క్యాంటీన్లో బన్ను టీలో ముంచుకుని తింటుంటే, అచ్చు దగ్గరపడితే నిఘంటువులవాళ్లు ఇంతేలే అని అందరూ జాలిపడ్డారు.

మూడున్నరకి ఆయన లేచాడు. మేడమ్ టేబుల్ దగ్గరికి వెళ్లి, పై జేబులోంచి ఒక కాగితం తీశాడు. మడతలు నలిగి ఉన్నాయి. ఒక్క వాక్యమే కనబడేలా పట్టుకున్నాడు.

"దొరికిందండీ," అన్నాడు. గొంతులో దొరికిన సంబరం లేదు.

మేడమ్ కళ్లజోడు సవరించుకుని చదివింది. "నేను దాటాను, వెతకొద్దు."

డీటీపీ అమ్మాయి కుర్చీతో సహా జరిగి వచ్చింది. "సార్, నిజం చెప్పండి. మీరే రాసేశారు కదూ?"

"నావి కోడిగీతలమ్మా. ఇవి ముత్యాలు. చూడు."

మేడమ్ ఆయన రాసిన పాత పదాల చీటీ ఒకటి పక్కన పెట్టి చూసింది. కోడికీ ముత్యానికీ పోలికే లేదు.

"ఎవరో ఆడవాళ్ల రాత! పాత ప్రేమలేఖా సార్? మీరు సామాన్యులు కారే!" అమ్మాయి కిసుక్కుమంది.

ఆయన జవాబు దాటేశాడు.

"తేదీ?" అంది మేడమ్.

"వేసే ఉందండీ. మూలం, తేదీ రెండూ ఈ అర్థం చీటీ మీదకి ఎక్కించాను," అంటూ చీటీ టేబుల్ మీద పెట్టాడు.

"సరే. మరి అర్థం మాటేమిటి? దాటాను అంటే వీధి దాటిందేమో. బజారుకెళ్లి కూరలు తెచ్చుకుని మళ్లీ వచ్చేసిందేమో! తిరిగి రాలేదని రుజువేంటి?"

ఆయన కాగితాన్ని మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాలేదండీ. నాదీ పూచీ. ఆ ఒక్కటీ రూఢి కావాలనే ఇన్నాళ్లూ ఆగాను."

"మిగతా ఉత్తరం చూపిస్తారా?"

"సొంత విషయాలండీ. మన పదానికి పనికొచ్చేది ఆ ఒక్క వాక్యమే."

గడియారం ఊరుకోవడం లేదు. మేడమ్ మూడు సెకన్లు ఆలోచించి, చీటీ చదవకుండానే వెనక్కి తిప్పి సంతకం గీకేసింది.

ఆఫీసు ఆఫీసంతా చప్పట్లు. "దాటుగారు ఎట్టకేలకు దాటారు!" అని ఎవరో అరిచారు. జీతాల గుమాస్తా వచ్చి కౌగిలించుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్ల కష్టం మరి, తిరగవా అనుకున్నారు అందరూ.

డీటీపీ అమ్మాయి చీటీ అందుకుని చకచకా టైపు చెయ్యడం మొదలుపెట్టింది. అర్థం కొట్టింది, దాని కింద వాక్యం కొట్టింది.

వాక్యం కింద మూలం దగ్గర మాత్రం ఆమె వేళ్లు ఆగిపోయాయి: "సంకలనకర్తకు భార్య రాసిన ఉత్తరం, ఈ నెల ఒకటో తేదీ."