శుక్రవారం ఫోటోలు

“ఇంకోటి తియ్యయ్యా. ఎనకాల సముద్రం కనపడాల, టవర్లు మూడూ పడాల.”

మద్దిలేటి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి ఫోను నిలువుగా తిప్పాడు. శివపార్వతి నల్లద్దాలు పెట్టుకుని, చున్నీ సర్దుకుని, మెడ వాల్చి నవ్వింది. నవ్వడమంటే పెదాలు సాగదీయడమే. పళ్ళు కనపడనివ్వదు.

“నోరారా నగవే. సినిమా యాక్టరు మాదిరి ఉంటావు.”

“చాల్లే గానీ, మా చెల్లి ఎంకటేశ్వరికి పంపించు. ఇప్పుడే పంపించు.”

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ రాజంపేట పక్క పల్లె. అతను షువైఖ్‌లో కార్లకు సొట్టలు తీసే గ్యారేజీలో పని చేస్తాడు, అక్కడే మగవాళ్ళ గదిలో ఉంటాడు. ఆమె ఎగైలాలో ఒక అరబ్బుల ఇంట్లో పనిమనిషి, ఉండడం ఆ ఇంట్లోనే. ఒకే అరబ్బు దేశంలో ఉన్నా ఒక కప్పు కింద ఉండే యోగం లేదు. వచ్చిన కొత్తలో ఆమె ఫోను చేసి ఏడ్చేది. “ఓర్చుకోవే, ఊర్లో ఇంటికి స్లాబు పడనీ” అనేవాడు మద్దిలేటి. కొన్నాళ్ళకు ఏడవడం మానేసింది. సర్దుకుపోయిందని అతను ఊపిరి పీల్చుకున్నాడు.

ఈ చలికాలంలో ఉన్నట్టుండి ఆమెకు శుక్రవారాలు సెలవు దొరికింది.

“మా మామా మారిపోయిందయ్యా,” అంది శివపార్వతి. ఇంటావిడను పనివాళ్ళంతా మామా అనే పిలుస్తారు. “తిరిగి రాపో అంటాంది. సూడు, తన హ్యాండ్‌బ్యాగు గూడా ఇచ్చినాది.”

ఆ మీదట ప్రతి శుక్రవారం షికారే. ఒక వారం ముబారకియా బజారు, ఒక వారం ఎడారిలో గుడారాలు. ఎక్కడికి వెళ్ళాలో ఆమే చెప్పేది. శుక్రవారం వస్తే ముసుగుతన్ని పడుకునే మద్దిలేటి, ఇప్పుడు గురువారం రాత్రే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు పెళ్ళాం తనతో చెట్టాపట్టాలేసుకుని తిరుగుతోందని లోలోపల మురిసిపోయాడు.

ఎండలు ముదిరినా ఆమె మణికట్టుదాకా చేతులున్న చుడీదారే వేసుకునేది.

“ఉడికిపోతావుండావు గదా, ఆ చేతులు మడుచుకోరాదా?”

“నల్లబడతా,” అంది. అతను పడీపడీ నవ్వాడు.

ముబారకియాలో కబాబులు తెప్పిస్తే, ముందు ప్లేటుకు ఫోటో తీయించింది. తర్వాత తల ఎత్తకుండా తినసాగింది.

“మెల్లగా తినవే. ఎవురన్నా లాక్కుంటారా?”

ఆమె చెయ్యి ఆగిపోయింది. మూతి తుడుచుకుని, “ఫోటోలో ప్లేటు నిండుగా పడిందా?” అని అడిగింది.

అప్పుడే చెల్లెలు వెంకటేశ్వరి వీడియో కాల్ చేసింది. మొగుడు పోయాక రాజంపేటలో కుట్టుమిషను పెట్టుకుని బిడ్డను సాక్కుంటున్న మనిషి.

“అక్కా, బతికితే నీ మాదిరి బతకాల! నేనీడ మిషను తొక్కతానే ముసిల్దాన్నయితా.”

“నువ్వూ రావే. మా మామా ఇంగో మనిషి కావాలంటాంది. ఇద్దరం ఒక్కింట్లోనే ఉండొచ్చు.”

ఫోను పెట్టేశాక మద్దిలేటి గొణిగాడు. “దాని బిడ్డ ఇంకా సిన్నది గదే.”

“మన పిల్లోన్ని నేను ఇడిసిపెట్టి రాలేదా? మొన్న ఫోన్లో నన్ను ఎవురని అడిగినాడు.”

మద్దిలేటి తన ప్లేటులో మిగిలిన కబాబును ఆమె ప్లేటులోకి తోశాడు.

తర్వాతి శుక్రవారం ఫైలకా దీవికి పడవలో వెళ్తుండగా వెంకటేశ్వరి దగ్గర్నుంచి కబురొచ్చింది. బిడ్డ ఒకటే ఏడుస్తోందట. రాలేనంది. శివపార్వతి లేచి, మామా హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి పూసుకుని, రెయిలింగు పట్టుకుని నిలబడింది.

“తియ్.”

“అది రానంటాంది గదా. ఇంగెవురికి?”

“తియ్యయ్యా!”

ఆ రోజు తీయించుకున్నన్ని ఫోటోలు ఆమె ఎన్నడూ తీయించుకోలేదు. పడవలో, గుర్రబ్బండి పక్కన, ఐస్‌క్రీము చేతపట్టుకుని. అన్నీ అప్పటికప్పుడే పంపించింది. తిరిగొచ్చి రేవులో దిగేసరికి జవాబొచ్చింది.

“వస్తానక్కా. మిషను అమ్మేస్తా.”

శివపార్వతి ఫోను గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలంటే ఇంత ప్రాణమా అనుకున్నాడు మద్దిలేటి. తనకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

వెంకటేశ్వరి దిగే రోజున మామా డ్రైవర్ని వెంటబెట్టుకుని తానే ఎయిర్‌పోర్టుకు వచ్చింది. పనిమనిషి కోసం యజమానురాలు కదలి రావడం మద్దిలేటికి గొప్పగా తోచింది. తలుపులు తెరుచుకున్నాయి. వెంకటేశ్వరి పరుగున వచ్చి అక్కను వాటేసుకుంది.

“ఏందక్కా, ఇంత బక్కసిక్కినావు? ఫోటోల్లో తెలీనేలేదే!”

“నువ్వొచ్చినావు గదా. ఇంగ బాగయితా.”

“బావా, ఈ శుక్రవారం నన్ను యాడికి తీసకపోతావు?”

“నువ్వు యాడికంటే ఆడికి!” అన్నాడు మద్దిలేటి హుషారుగా.

మామా దగ్గరకు వచ్చింది. వెంకటేశ్వరిని కిందికీ పైకీ చూసింది. చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసి, తలాడించింది. “యల్లా” అని కదలమనగానే డ్రైవరు ఆమె బ్యాగు భుజానికెత్తుకున్నాడు.

శివపార్వతి చెల్లెలి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. ఆమె ముఖంలోకి చూడకుండా మామావైపు తిరిగి, అరబ్బీలో మాట్లాడింది. వెంకటేశ్వరికి ఆ భాష రాదు. నవ్వుతూనే నిలబడింది. గ్యారేజీలో నేర్చుకున్న మద్దిలేటికి మాత్రం ప్రతి మాటా అర్థమైంది.

“నా బదులు మనిషిని తెచ్చిచ్చాను మామా, నా పాస్‌పోర్టు ఇచ్చెయ్.”