తాతారావు గారి పట్టీ

గోదారి పొంగి లంకకు దారి తెగిన అయిదో రోజున ఆరోగ్య కేంద్రం వారి మందుల డ్రోన్ ఊరి మీద కనిపించింది. తాతారావు ఇంట్లో ఇన్సులిన్ నిన్ననే అయిపోయింది.

ఈ రోజుల్లో మందు కావాలని ఎవరూ అడగనక్కర్లేదు. షుగరున్న వాళ్ల చేతికి కట్టిన పట్టీయే ఒంటి సంగతీ చేతి కదలికా చూసి కేంద్రానికి కబురు చేస్తుంది. ఆ పట్టీని ఆయన వారం కిందటే భార్య వెంకాయమ్మ చేతికి తొడిగాడు, మామిడి తాండ్ర తినేటప్పుడు అది గోల పెట్టకుండా. ఇప్పుడు ఫోన్ చేసి నిజం చెబుదామంటే పరువు అడ్డొచ్చింది.

"పట్టీ ప్రకారం నాకు షుగరే లేదు. ఇంక మందెందుకు పంపుతారే?" అని గొణిగాడు.

"తాండ్ర పంపుతారేమోలెండి," అంది వెంకాయమ్మ.

డ్రోన్ సరిగ్గా వాళ్ల డాబా మీదే దిగింది. పెట్టె నిండా ఇన్సులిన్! వెంటనే డ్రోన్‌లోంచి కేంద్రం నర్సు కృపావతి గొంతు పలికింది.

"బాబాయ్ గారూ, వారం నుంచి మీ పట్టీ రోజూ తెల్లారగట్ల కవ్వం తిప్పుతోందండి. పుట్టి బుద్ధెరిగాక మీరెప్పుడైనా కవ్వం పట్టారా? ముందు సూది వేసుకోండి."

తాతారావు సూది వేసుకున్నాడు. వెంకాయమ్మ పట్టీ విప్పి ఆయన చేతికి బిగించింది.

మర్నాడు తెల్లారగట్ల ఆయన్ని లేపి, పెరుగు కుండ తెచ్చి ముందు పెట్టింది.

"ఇదేంటే?"

"ఉన్నట్టుండి కవ్వం ఆగిపోతే పాపం కృపావతి కంగారు పడదండీ? తిప్పండి."